నెల్లూరు నుంచి హైదరాబాద్‌కి విమానం: టైం నిజంగా కలిసొస్తుందా?

పెన్నా ఒడ్డు:
మా ఆఫీసులో రోజూ ఇదే గొడవ. నెల్లూరులో ఎయిర్‌పోర్టు లేదు గదా, విమానం ఎక్కాలంటే చెన్నై పోవాలి. చెన్నై నుంచి శంషాబాద్‌కి విమానం గంటా పావు. వందే భారత్ నెల్లూరు నుంచి సికింద్రాబాద్‌కి ఆరున్నర గంటల చుట్టూ తీసుకుంటుంది. కాబట్టి విమానమే మేలంటున్నారు. నాకైతే అది ఉత్త కాగితం లెక్క. ఆ గంటా పావు చెన్నై ఎయిర్‌పోర్టున్న మీనంబాక్కంలో మొదలవుతుంది, నెల్లూరులో మా మాగుంట లేఅవుట్‌లో కాదు. మీరేమంటారు?

కావలి కుర్రోడు:
నాకు ఆ గంటా పావే అర్థం కాదు. గాల్లో నేరుగా కొలిస్తే 510 కి.మీ. జెట్ గంటకి 800 కి.మీ. పోతుంది. నలభై నిమిషాల్లో దించాలి గదా? టైంకి ముందే దించామని చెప్పుకోడానికి కావాలనే ఎక్కువ వేస్తారు.

ట్రంకురోడ్డు:
కొంచెం కలుపుకుంటారు, నిజమే. కానీ టికెట్ మీద టైం అంటే ఇక్కడ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. చెన్నైలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి, రెండిటినీ ఒకేసారి ఇష్టమొచ్చినట్టు వాడటం కుదరదు. రద్దీ ఉంటే వరసలో ఆగాల్సిందే. లేచాక పదివేల అడుగులు దాటేదాకా మామూలుగా 250 నాట్లు మించకూడదు, అంటే గంటకి దాదాపు 460 కి.మీ. దిగేటప్పుడూ అంతే. నువ్వు చెప్పే 800 మధ్యలో కాసేపే తమ్ముడూ.

పెన్నా ఒడ్డు:
సరే, ఇంటి నుంచి లెక్కేద్దాం. చెన్నై ఎయిర్‌పోర్టుకి కారులో మూడున్నర గంటలు, అదీ రెడ్ హిల్స్ దగ్గర కంటైనర్ లారీలు దారిస్తే. చెక్ ఇన్ గంట ముందే మూస్తారు కాబట్టి గంటన్నర ముందుండాలి. విమానం గంటా పావు. బ్యాగు తీసుకుని కూకట్‌పల్లి చేరడానికి ఇంకో గంటన్నర. ఏడు ముప్పావు అయింది! రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పడుకుని పోవచ్చు.

మైపాడు గాలి:
అందరూ చెన్నై అంటారేంది? రేణిగుంటలో తిరుపతి ఎయిర్‌పోర్టు ఉంది గదా. నాయుడుపేట దగ్గర తిరిగి శ్రీకాళహస్తి మీదుగా రెండున్నర గంటలు. గంట మిగిలింది చూడు. పైగా మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆరు గంటలు కూర్చోలేదు.

పెన్నా ఒడ్డు:
రేణిగుంట దాకా కారులో కూర్చోవాల్సిందే గదన్నా. గంట మిగిలినా ఆరు ముప్పావు, రైలుతో సమానం. పైగా అక్కడ ఫ్లైట్లు తక్కువ. నీకు కావలసిన టైంకి దొరకాలిగా.

ఒంగోలు గిత్త:
మాకీ తలనొప్పి లేదు. విజయవాడ ఎయిర్‌పోర్టుకని గన్నవరం పోయి సెక్యూరిటీ దాటేలోపు అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డులో మా కారు మిర్యాలగూడ దాటుతుంది.

మైపాడు గాలి:
మీ జిల్లా సంగతి వేరు. ఢిల్లీకి కూడా కారులోనే పోతావా?

పెన్నా ఒడ్డు:
ఢిల్లీకి వాదనే లేదు, విమానమే. నా గొడవంతా హైదరాబాద్ గురించే.

కావలి కుర్రోడు:
మన నెల్లూరు పక్కన దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తే మీ లెక్కలన్నీ తిరగబడతాయి.

పెన్నా ఒడ్డు:
రానీ. వచ్చినా మొదట ఏటీఆర్‌లే, అంటే ఆ చిన్న ఫ్యాన్ల విమానాలే వేస్తారేమో. అవి 500 స్పీడే.

ట్రంకురోడ్డు:
దగదర్తి నుంచి శంషాబాద్ గాల్లో 330 కి.మీ. లోపే. అంత తక్కువ దూరంలో ఏటీఆర్‌కీ జెట్‌కీ తేడా పావుగంట. నీకు మిగిలేది రోడ్డు మీద. మూడున్నర గంటల కారు ప్రయాణం ముప్పావు గంటకి దిగుతుంది. అప్పుడు కూడా సింహపురే ఎక్కుతావా?

పెన్నా ఒడ్డు:
టికెట్ ధర చూసి చెప్తా.