ఆక్యుప్రెషర్: ఎంత గట్టిగా నొక్కాలి, ఎంతసేపు?

ప్రశ్న:
రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుంటే మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. నడక ఎక్కువైతే పిక్కలు లాగుతున్నాయి. ఆక్యుప్రెషర్ (ఒంటిమీద కొన్ని చోట్ల వేళ్లతో నొక్కే పద్ధతి) పటంలో చూపించిన చోట ఐదేసి నిమిషాలు బలంగా నొక్కితే మర్నాటికి కమిలిపోతోంది, బొటనవేలి కీలు కూడా నొప్పెడుతోంది. సరైన చోటు దొరికిందని ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
కమిలిందంటే బలం ఎక్కువైందనే అర్థం. నొక్కినచోట మొద్దుగా సలపాలి, ఊపిరి మాత్రం మామూలుగా ఆడుతుండాలి. పళ్లు బిగపట్టాల్సి వస్తే బలం సగానికి తగ్గించండి. మెల్లగా ఒత్తిడి పెంచి, 30 సెకన్లు నిలిపి, మెల్లగానే వదలండి. ఒక్కో చోట రెండు మూడుసార్లు చాలు. కమిలిన చోటు రంగు పోయేదాకా ముట్టుకోకండి.

కొలతకు ఎవరి వేళ్లు వాళ్లకే. ఉదాహరణకు మణికట్టు మీది పి6 చూడండి (ఇలాంటి అక్షరం, అంకె పటంలో ఒక్కో చోటుకిచ్చిన గుర్తు): అరచెయ్యి పైకి పెట్టి, మణికట్టు గీతకు ఆనించి అవతలి చేతి మూడువేళ్లు అడ్డంగా పెట్టండి. చూపుడువేలు ఆగినచోట, పిడికిలి బిగిస్తే పైకి తేలే రెండు తాళ్లలాంటి స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీల) మధ్య ఉంటుంది. కొందరికి ఒకటే తేలుతుంది, అది లోపం కాదు, చేతికి నడిమధ్య చూసుకుంటే సరి. వేళ్లలోకి జివ్వుమని కరెంటులా పాకితే వెంటనే వదిలి కాస్త పక్కకు జరపండి.

జవాబు 2:
మెడకి జీబీ20. తల వెనక ఎముక అంచు కింద, లావాటి కండరాలకు రెండు పక్కలా గుంటలుంటాయి. వేళ్లతో కుస్తీ పట్టకండి. రెండు టెన్నిస్ బంతుల్ని ఒక సాక్సులో వేసి ముడేసి, వెల్లకిలా పడుకుని ఆ గుంటల కింద పెట్టుకోండి. తల బరువే చాలు, రెండు నిమిషాలు. మెడ ముందువైపు, నాడి కొట్టుకునే చోట మాత్రం ఎప్పుడూ నొక్కకూడదు.

కీలు నొప్పికి కారణం బొటనవేలు వెనక్కి వంగడం. వేలిని నిటారుగా ఉంచి, చెయ్యి బలంతో కాకుండా ఒంటి బరువు ఆన్చండి.

జవాబు 3:
కాళ్ల అలసటకి ఎస్టీ36 వాడతారు: మోకాలిచిప్ప కింది అంచునుంచి నాలుగువేళ్లు దిగువన, ముంజంగ ఎముకకు బయటివైపు ఒక వేలి దూరం. పిక్కల మీద అరచేత్తో పైకి నిమిరితే చాలు. వికారానికి పి6 పనిచేస్తుందన్నదానికి ఆధారాలు బాగున్నాయి, కండరాలు త్వరగా కోలుకోవడానికి అంత లేవు.

ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉండి నొప్పెడుతుంటే అస్సలు నొక్కకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆరోజే డాక్టరుకి చూపించాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి. గర్భిణులు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే ఎల్ఐ4, చీలమండ పైన లోపలివైపుండే ఎస్పీ6 జోలికి పోకూడదు.