స్క్రాబుల్: ‘యు’ తోడు లేకుండా ‘క్యూ’తో ఏర్పడే పదాలు

ప్రశ్న:
స్క్రాబుల్ ఆటలో (అక్షరాల టైల్స్, అంటే బిళ్ళలతో, గళ్ళ పలకపై ఇంగ్లీషు పదాలు కూర్చే ఆట) క్యూ చేతికి వచ్చాక యు దొరకకపోతే, ఆట ముగిసేదాకా అది నా దగ్గరే ఉండిపోతోంది. మొత్తం 100 టైల్స్‌లో యు ఉన్నవి నాలుగే కనుక వాటినే నమ్ముకోలేను. క్యూ తరువాత యు అక్కరలేని పదాలను అర్థాలతో సహా తెలుపగలరా? అర్థం తెలియని పదం నాకు గుర్తుండదు.

సమాధానం 1:
ముందుగా క్యూ-ఐ నేర్చుకోండి. ‘చీ’ అని పలికే ఈ పదానికి చైనా సంప్రదాయంలో ప్రాణశక్తి అని అర్థం. అక్షరం విలువను మూడింతలు చేసే గడిలో క్యూ పెట్టి, అడ్డంగానూ నిలువుగానూ ఇదే పదం వచ్చేటట్లు చూసుకుంటే, ఒక్కో వైపు 31 (క్యూకు 30, ఐకి 1) చొప్పున 62 పాయింట్లు వస్తాయి. అందుకే క్యూ చేతిలో ఉన్నంతసేపు ఐని తేలికగా వదులుకోవద్దు. క్యూ-ఎ-టి కూడా ఉపయోగపడుతుంది. యెమెన్, ఇథియోపియాలలో ఉత్తేజం కోసం ఆకులు నమిలే పొద అది. ఈ రెండింటి చివరా ఎస్ చేర్చవచ్చు.

సమాధానం 2:
వీటిలో చాలా పదాలు అరబ్బీ నుంచి వచ్చినవే కాబట్టి, ఇంగ్లీషువారికి వింతగా తోచేవి మనకు పాత పరిచయాలే. ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్ మన ఫకీరు, క్యూ-ఎ-డి-ఐ అంటే ఇస్లామీయ న్యాయాధికారి, మన ఖాజీ, బి-యు-ఆర్-క్యూ-ఎ బురఖా. క్యూ-ఎ-ఎన్-ఎ-టి మాత్రం కొత్తగా నేర్చుకోవలసిందే: ఇరాన్‌లో కొండ దిగువ నుంచి పొలాలకు నీరు తెచ్చే భూగర్భ కాలువ. హీబ్రూ వర్ణమాలలోని 19వ అక్షరం పేరు క్యూ-ఓ-పి-హెచ్.

సమాధానం 3:
ఇరాక్, ఖతర్ దేశాల పేర్లు, ఐక్యూ అనే సంక్షిప్తరూపం చెల్లవు. ఏ పదజాబితాను అనుసరిస్తారో ఆటకు ముందే తేల్చుకోవడం మంచిది; క్యూ-ఐ ఉత్తర అమెరికా జాబితాలో 2006లో గాని చేరలేదు, కనుక పాత ప్రతిలో వెతికితే దొరకదు.

ప్రశ్నించినవారు:
కృతజ్ఞతలు. ఎస్-యు-క్యూ అనే పదాన్ని ఒక ప్రత్యర్థి వేయగా చూశాను, అది చెల్లుతుందా?

సమాధానం 1:
చెల్లుతుంది, అరబ్బు దేశాలలోని బజారు అని దాని అర్థం. దానిలో యు ఉన్నా క్యూకు ముందు వస్తుంది. ఆట ముగింపులో క్యూ మిగిలితే మీకు 10 పాయింట్లు పోవడమే కాక, ముందుగా టైల్స్ ముగించిన ప్రత్యర్థికి అవే కలుస్తాయి కాబట్టి, టైల్స్ తీసుకునే సంచి ఖాళీ అయ్యే దశలో చిన్న పదమైనా వేసి క్యూను వదిలించుకోండి.