గుంటూరు, త్రిపురాంతకం మీదుగా శ్రీశైలానికి సైకిలు యాత్ర: రెండు రోజులు సరిపోతాయా?

ప్రశ్న: కృష్ణలంక సైకిలు

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లె. ఉద్యోగరీత్యా విజయవాడలో స్థిరపడ్డాను. మా తాతయ్య చిన్నతనంలో పెద్దలతో కలిసి ఎడ్లబండి మీద శ్రీశైలం వెళ్లిన ముచ్చట ఎన్నోసార్లు చెప్పేవారు. ఆయన నోట ‘శ్రీశైలం’ అన్న మాట విన్న గుర్తు లేదు, ‘పర్వతం వెళ్లొచ్చాం’ అనే అనేవారు. త్రిపురాంతకంలో బండి దిగి, చెరువులో ఉన్న బాలా త్రిపురసుందరి గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకున్నాకే అడవి దారి పట్టేవారట. ఈ కార్తికంలో ఆ దారినే సైకిళ్ల మీద వెళ్లాలని నేనూ మా బావమరిదీ అనుకుంటున్నాం.

నాకు 44 ఏళ్లు. ఆదివారాల్లో ప్రకాశం బ్యారేజీ దాటి అమరావతి దాకా వెళ్లి వస్తుంటాను. రానూపోనూ దాదాపు 70 కిలోమీటర్లు అవుతుంది గాని, అదంతా చదును నేల. కొండ ఎక్కిన అనుభవం లేదు. విజయవాడ నుంచి శ్రీశైలం 260 కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది కాబట్టి, మొదటి రోజు వినుకొండ దాకా సుమారు 120 కిలోమీటర్లు, రెండో రోజు మిగిలినదంతా పూర్తి చేయవచ్చని నా లెక్క. అది కాగితం మీది లెక్క అంటాడు మా బావమరిది. ఎవరి మాట సబబు? త్రిపురాంతకం తప్పకుండా ఆగదగ్గ చోటేనా? దోర్నాల దాటాక అడవిలో సైకిలు మీద వెళ్లనిస్తారా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: పల్నాటి బాటసారి

మీ బావమరిది గారి మాటే సబబు. కిలోమీటర్లను రోజులతో భాగిస్తే వచ్చే లెక్క ఈ దారికి పనికిరాదు, ఎందుకంటే ఇందులో కష్టమంతా చివరి 50 కిలోమీటర్లలోనే, అంటే దోర్నాల నుంచి శ్రీశైలం దాకా ఉన్న అడవి, ఘాటు రోడ్డులోనే ఉంది. ముందు ఆ ఒక్క రోజును తీర్చుకొని, దానికి తగినట్టుగా మిగతా మజిలీలను వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

దోర్నాల దాటితే నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలోకి అడుగుపెట్టినట్టే. రాత్రివేళ అక్కడ రాకపోకలు ఉండవు, చెక్‌పోస్టు దగ్గర గేటు వేసేస్తారు. సైకిలు వేగానికి గేటు వేసే వేళ ఒక్కటే చూసుకుంటే చాలదు, చీకటి పడకముందే శిఖరం చేరుకోవాలి. కార్తికంలో సాయంత్రం ఐదున్నరకే వెలుగు తగ్గిపోతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన తప్పు ఇదే. మధ్యాహ్నం మూడింటికి దోర్నాల చేరి, 50 కిలోమీటర్లంటే మూడున్నర గంటల పని కదా అనుకొని బయలుదేరబోయాను. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న పెద్దాయన నా సైకిలు క్యారియరు మీది మూట వైపు, ఎండ వైపు చూసి, ‘నాయనా, ఈ పూటకు ఇక్కడే పడుకో, పొద్దున గేటు తీయగానే మొదటి బండి నీదే’ అన్నారు. అప్పటికి చిన్నబుచ్చుకున్నాను గాని, మర్నాడు ఆ ఎత్తు ఎక్కడానికి ఆరు గంటలకు పైగా పట్టింది. ముందు రోజు ఆయన నన్ను ఆపకపోయి ఉంటే, తుమ్మలబైలు అవతల నడి అడవిలోనే పొద్దు గుంకి ఉండేది.

అందుచేత నాలుగు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు మంగళగిరి, గుంటూరు, ఫిరంగిపురం మీదుగా నరసరావుపేట చేరితే సుమారు 80 కిలోమీటర్లు. ఆ రాత్రి ఎలాగూ మీ సొంత ఊళ్లోనే పడుకోవచ్చు. రెండో రోజు వినుకొండలో భోజనం చేసి త్రిపురాంతకం చేరండి, అదీ ఇంచుమించు అంతే దూరం. మూడో రోజు యర్రగొండపాలెం మీదుగా దోర్నాల దాకా 50 కిలోమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి, మధ్యాహ్నానికల్లా చేరి కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. నాలుగో రోజు పొద్దున గేటు తీసే సమయానికి అక్కడ ఉండండి. సైకిళ్లను అనుమతించే విషయంలోనూ, గేటు వేళల విషయంలోనూ ఎప్పటికప్పుడు మార్పులు వస్తుంటాయి గనుక, ముందు రోజు సాయంత్రమే చెక్‌పోస్టుకు వెళ్లి అడిగి రావడం మంచిది.

ఇంకొక మాట. కార్తిక సోమవారాలు, పౌర్ణమి రోజుల్లో ఘాటు రోడ్డు నిండా బస్సులు, కార్లు ఉంటాయి. మలుపుల్లో సైకిలుకు చోటు మిగలదు. మంగళవారం బయలుదేరితే శుక్రవారానికి చేరతారు. సోమవారం ఉపవాసం ఉండే అలవాటుంటే అది ఇంటి దగ్గరే ముగించుకొని రండి, ఉపవాసంతో సైకిలు తొక్కడం తగదు.

జవాబు: శాసనాల వెంట

పై మిత్రులు దారి సంగతి చక్కగా చెప్పారు. త్రిపురాంతకం ఆగదగ్గ చోటేనా అన్న ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వార క్షేత్రాలున్నాయి. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన పెన్న ఒడ్డున సిద్ధవటం, పడమట తుంగభద్ర ఒడ్డున అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. కృష్ణా, గుంటూరు సీమల నుంచి వెళ్లేవారికి త్రిపురాంతకమే వాకిలి. వాకిట్లో ఆగకుండా నేరుగా లోపలికి పోవడం మర్యాద కాదని పాతవారి భావన, మీ తాతగారు పాటించినది అదే. త్రిపురాంతకేశ్వరుడి గుడి కుమారగిరి అనే చిన్న కొండ మీద ఉంటుంది, అమ్మవారి గుడి కింద చెరువులో ఉంటుంది. కొండ మీది ప్రాంగణంలో కాకతీయుల నాటి శాసనాలున్నాయి. అక్షరాలు చదవడం రాకపోయినా వాటి ముందు ఒక పావుగంట నిలబడండి.

అయితే ఒక విషయంలో జాగ్రత్తగా మాట్లాడుకోవాలి. మీరు వెళ్లబోయే తారు రోడ్డు, తాతగారి కాలపు బండి దారి అడుగడుగునా ఒకటేనని అనుకోకండి. మజిలీలు అవే గాని, వాటి నడుమ దారి మారింది. పాత కాలిబాట ఇంకా వాడుకలో ఉన్నది పడమటి వైపున. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే ఆ బాటలో శివరాత్రికి, ఉగాదికి వేలమంది, ముఖ్యంగా కన్నడ భక్తులు, ఇప్పటికీ నడిచి వస్తారు. భీముని కొలను దగ్గర రాతి మెట్లు ఎక్కాలి కాబట్టి, ‘చారిత్రక మార్గం’ అన్న మోజుతో సైకిలును అటు మళ్లించే ఆలోచన మాత్రం చేయవద్దు.

మీ దారిలోనూ చరిత్రకు కొదవ లేదు. ఫిరంగిపురం దగ్గర ఎడమ వైపు కనిపించేవి కొండవీటి కొండలు. ఆ కొండవీటిని ఏలిన రెడ్డిరాజుల వంశానికి మూలపురుషుడైన ప్రోలయ వేమారెడ్డే 14వ శతాబ్దంలో శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. శ్రీశైలంలో పాతాళగంగకు దిగేటప్పుడు, ఆ మెట్లు కట్టించినవారి కొండల పక్క నుంచే మూడు రోజుల క్రితం సైకిలు తొక్కుకుంటూ వచ్చామని గుర్తు చేసుకోండి. మీ తాతగారి ‘పర్వతం’ అన్న మాట కూడా చిన్నదేమీ కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల మహిమ చెప్పిన భాగానికి పెట్టిన పేరు పర్వత ప్రకరణం. ఆనాటి జనం పాడుకున్న పాటల్లో పర్వత పదాలు కూడా ఉన్నట్టు ఆయనే చెబుతాడు.

జవాబు: ఇరుసు–గొలుసు (గుంటూరు)

నేను చరిత్ర చెప్పలేను గాని, సైకిలు గురించి చెప్పగలను. మీ సైకిలుకు గేర్లు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. గేర్లు లేని మామూలు సైకిలుతో వెళ్లలేరని కాదు, ఘాటులో చాలా దూరం దాన్ని నడిపించుకుంటూ పోవాల్సి ఉంటుంది. గేర్ల సైకిలైతే వెనుక చక్రానికి ఉన్న పళ్లచక్రాల్లో అన్నిటికన్నా పెద్దది ఎంత పెద్దదైతే అంత మంచిది. పరీక్ష కావాలంటే, ప్రయాణానికి మూడు వారాల ముందు మీ ఊరి పక్కనే ఉన్న కోటప్పకొండ ఘాటు రోడ్డును యాత్రకు తీసుకెళ్లే బరువంతా కట్టుకొని ఎక్కి చూడండి. మధ్యలో దిగాల్సి వస్తే బరువు తగ్గించండి, అప్పుడూ దిగాల్సి వస్తే గేర్లు మార్పించండి.

పల్నాటి రోడ్ల అంచుల్లో అసలు శత్రువు సర్కారు తుమ్మ కంప. వినుకొండ దాటాక నాకు గంటలో మూడు పంక్చర్లు పడ్డాయి. మొదటిసారి ట్యూబుకు అతుకు వేసి ఎక్కించాను, కిలోమీటరు పోకముందే మళ్లీ గాలి దిగిపోయింది. మూడోసారి గాని బుద్ధి రాలేదు. టైరును పూర్తిగా ఊడదీసి, లోపలి వైపు మెత్తని గుడ్డతో చుట్టూ మెల్లగా తుడుచుకుంటూ పోతే ఒకచోట గుడ్డ పోగు పట్టుకుంది. చూస్తే ముల్లు పైన ఎప్పుడో విరిగిపోయింది, నల్లటి మొన మాత్రం బియ్యపు గింజలో సగమంత టైరు లోపలికి పొడుచుకొని ఉంది. గోళ్ల కత్తెరతో పట్టుకొని లాగితే వచ్చింది. అందుకని ట్యూబు మార్చే ముందు టైరు లోపల గుడ్డతో తుడవనిదే ఎక్కించకండి. చెరి రెండు ట్యూబులు, గాలి పంపు, సొల్యూషను తప్పనిసరి. దోర్నాల దాటాక దుకాణం ఉంటుందని నమ్ముకోవద్దు.

బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించుకోండి. శిఖరం నుంచి ఆలయం దాకా ఎనిమిది కిలోమీటర్లు చాలావరకు దిగుడే. మూటల బరువుతో బ్రేకు అదేపనిగా నొక్కి పట్టుకుంటే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. నొక్కుతూ వదులుతూ దిగాలి. దారిలో హటకేశ్వరం, పాలధార పంచధార, సాక్షి గణపతి ఎలాగూ వస్తాయి, వాటి దగ్గర ఆగితే దర్శనమూ అవుతుంది, రిమ్ములూ చల్లబడతాయి. శిఖరం దగ్గర అరటిపండ్ల సంచి హ్యాండిలుకు తగిలించి లోపలికి వెళ్లకండి. నా సంచి, దానితోపాటు అందులోని కళ్లజోడు కోతుల పాలయ్యాయి.

కృష్ణలంక సైకిలు

అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజుల ఆలోచన మానుకున్నాను. మాది 21 గేర్ల సైకిలే, కోటప్పకొండ పరీక్ష ఈ ఆదివారమే పెట్టుకుంటాం. ఒక్క సందేహం మిగిలింది. తిరుగు ప్రయాణం కూడా సైకిలు మీదే చేయాలా?

జవాబు: పల్నాటి బాటసారి

చేయనక్కర లేదు. కార్తికంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి, వెళ్లేటప్పుడు వీపున తోసి సాయపడే గాలే వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. శ్రీశైలం నుంచి ఆర్టీసీ బస్సులో రావచ్చు. ముందు చక్రం ఊడదీసి, గోనెపట్టాతో చుట్టి, ముందుగానే కండక్టరును అడిగి లగేజీ టికెట్టు తీసుకోండి. పండుగ రద్దీలో ఒప్పుకోకపోవచ్చు, శుక్ర, శనివారాల్లో పొద్దున్నే బయలుదేరే బస్సయితే నయం. రైలే కావాలంటే, దోర్నాల వైపు దిగి మార్కాపురం రోడ్డు స్టేషనుకు వెళ్లాలి. అది గుంటూరు–నంద్యాల మార్గంలోనే ఉంది. అయితే బండి కొద్ది నిమిషాలే ఆగే స్టేషన్లలో సైకిలును పార్సిలుగా తీసుకోకపోవచ్చు, ముందే విచారించుకోండి. అదే రైలు మార్గంలో నరసరావుపేట, వినుకొండ స్టేషన్లు కూడా ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఒంట్లో బాగాలేకపోయినా, సైకిలు మొరాయించినా వినుకొండ దాకా రైలు అందుబాటులో ఉంటుందన్న ధైర్యం ఉంటుంది. అక్కడి నుంచి అవతలకు ఆ ధైర్యం ఉండదు, కాబట్టి వెనక్కి మళ్లాలో ముందుకు పోవాలో వినుకొండలో భోజనం దగ్గరే తేల్చుకోండి.

కృష్ణలంక సైకిలు

చాలా సంతోషం. ఈ చర్చంతా మా బావమరిదికి చదివి వినిపించాను. నాలుగు రోజులన్న మాట వినగానే తన సైకిలును బాగుకు ఇచ్చి వచ్చాడు. శిఖరం దగ్గర నందికి పోయడానికి నువ్వులు మూట కట్టి ఇస్తానని మా అమ్మ అన్నది. ఆ మూట మాత్రం హ్యాండిలుకు తగిలించను.