చెన్నై ఉక్కలో సెల్యులోజ్ కరగట్లేదు, మీరెలా చేస్తున్నారు?

నెల్లూరు_కుర్రాడు: అక్కలకు, అన్నలకు నమస్తే. గిండీలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నా. దూదిలోని సెల్యులోజ్‌ను (గ్లూకోజ్ యూనిట్లు గొలుసుగా కలిసిన పదార్థం) లిథియం క్లోరైడ్ కలిపిన డీఎంఏసీలో (డైమిథైల్ అసిటమైడ్ అనే ద్రావకం) కరిగించి, ఎస్టర్‌గా (యాసిడ్‌తో కలిపిన రూపం) మార్చాలి. పేపర్లలో తేటగా కరిగిందని రాస్తున్నారు. నా ఫ్లాస్క్‌లో మాత్రం జెల్లీ ముక్కల్లా ఉబ్బి అలాగే తేలుతోంది. వైవా దగ్గర పడింది, ఒకటే టెన్షన్. మీలో ఎవరికైనా కరిగిందా?

తరమణి_అక్క: ముందు తేమ సంగతి చూడు తమ్ముడూ. లిథియం క్లోరైడ్ గాలిలోని తడిని ఎంతగా లాగుతుందంటే, ఇక్కడి నవంబరు వానల్లో తూకం వేస్తుండగానే వాచ్‌గ్లాస్ మీద చెమ్మగిల్లుతుంది. సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్‌లను (ఓహెచ్ గుంపులను) పట్టుకుని గొలుసులను విడదీయాల్సింది ఆ క్లోరైడే. నీళ్లుంటే అది వాటికే అతుక్కుపోతుంది. నేను ఈ లిథియం ఉప్పును రాత్రంతా ఓవెన్‌లో ఆరబెట్టి, వేడిగా ఉన్నప్పుడే డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) పెడతాను. దాని తూకం అన్నిటికన్నా చివర. డీఎంఏసీ ఎప్పుడూ మాలిక్యులర్ సీవ్స్ (తేమను పీల్చే గుళికలు) మీదే ఉంటుంది.

దూదిని పొడిగా నేరుగా వేయకు. నీళ్లలో నానబెట్టు, ఆ నీళ్లను మెథనాల్‌తో, మెథనాల్‌ను డీఎంఏసీతో మార్చు. ప్రతిసారీ ఫిల్టర్ మీద బాగా లాగు కానీ మధ్యలో ఆరనివ్వకు. ఆరిందంటే విడివడిన గొలుసులు మళ్లీ బిగుసుకుంటాయి, ఇక ద్రావకం లోపలికి దూరదు. ఇదంతా ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యి, డీఎంఏసీ ఒంటికి మంచిది కాదు.

పెరంబూర్_పాలిమర్: అక్క మాటే నాదీ. పైగా దూది గొలుసులో గ్లూకోజ్ యూనిట్లు వేలల్లో ఉంటాయి. ముందు మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్‌తో చూడు, మందుబిళ్లల్లో కలిపేదే. యాసిడ్‌తో కోసి ఉంటారు కాబట్టి గొలుసు కొన్ని వందల యూనిట్లకు మించదు. అది తేటగా కరిగిందంటే నీ ద్రావకం సరిగ్గానే ఉంది, దూదిని సిద్ధం చేయడంలోనే తేడా ఉందన్నమాట.

రిటైర్డ్_లెక్చరర్: నీళ్లతో గొడవే వద్దనుకుంటే నీళ్లలోనే కరిగించవచ్చు. సోడియం హైడ్రాక్సైడ్ 7 శాతం, యూరియా 12 శాతం, మిగతాది నీరు. మైనస్ 12 డిగ్రీలకు చల్లార్చి, పొడి వేసి గట్టిగా కలిపితే నిమిషాల్లో కరుగుతుంది. వుహాన్‌లో లీనా ఝాంగ్ బృందం అభివృద్ధి చేసిన పద్ధతి. మరీ పొడుగు గొలుసులకు పనిచేయదు.

పెరంబూర్_పాలిమర్: సార్, అబ్బాయికి కావాల్సింది ఎస్టర్. క్షారంలో అది నిలవదు కదండీ. సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) లాంటి ఈథర్లకైతే మీరు చెప్పిందే మేలు.

రిటైర్డ్_లెక్చరర్: నిజమేనయ్యా. ఎస్టర్‌కు డీఎంఏసీయే పట్టుకోమనండి.

ఆవడి_బీఎస్సీ: ఒక సందేహం. గ్లూకోజ్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది, దానితోనే కట్టిన సెల్యులోజ్ ఎందుకు కరగదు? హైడ్రోజన్ బంధాల వల్లేనా? ల్యాబ్‌లో గ్లూకోజ్ నుంచి దీన్ని కట్టలేమా?

తరమణి_అక్క: క్లాసులో హైడ్రోజన్ బంధాలని చెప్పి ఆపేస్తారు, అది సగమే. ఒక గ్లూకోజ్ 1వ కార్బన్‌ను పక్కదాని 4వ కార్బన్‌కు కలిపే బీటా 1,4 లంకె వల్ల గొలుసు చదునైన రిబ్బన్‌లా సాగుతుంది. రిబ్బన్ అంచుల్లో హైడ్రాక్సిల్‌లు, పైనా కిందా నీళ్లంటే పడని ముఖాలు. ఆ ముఖాలు ఒకదానిమీదొకటి పేర్చుకోవడం కూడా అంతే ముఖ్యమని నా నమ్మకం. పిండిపదార్థంలో లంకె ఆల్ఫా, గొలుసు మెలికలు తిరుగుతుంది, అందుకే వేడినీళ్లకు లొంగుతుంది.

కట్టడం మాత్రం తేలిక కాదు. మిగతా హైడ్రాక్సిల్‌లను కప్పిపెట్టి, 1వ కార్బన్‌ను 4వ దానికే, అదీ బీటాగానే కలపాలి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పాయెన్ సెల్యులోజ్‌ను 1838లో వేరుచేశారు, కానీ జీవకణం బయట కట్టడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. జపాన్‌లో కొబయాషి బృందం సెల్యులేజ్‌తో చేసింది. నీళ్ల సాయంతో సెల్యులోజ్‌ను కోసే ఎంజైమ్ అది. నీళ్లు తగ్గించి అసిటోనైట్రైల్ అనే ద్రావకం ఎక్కువ పోస్తే, సెల్లోబయోసిల్ ఫ్లోరైడ్ ముక్కలను (రెండేసి గ్లూకోజ్ యూనిట్లున్నవి) అదే అతికించింది! ఎంజైమ్ లేకుండా కేవలం రసాయనంతో కట్టింది 1996లో క్యోటోలో, నకత్సుబో బృందం.

నెల్లూరు_కుర్రాడు: అక్కా, మైక్రోక్రిస్టలిన్ ఈరోజు తేటగా కరిగింది! ఉప్పు ఆరబెట్టడం తప్ప ఇంకేమీ మార్చలేదు. కొంచెం తీసి నీళ్లలో పోస్తే తెల్లగా విరిగింది. ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటిక అమరికను చూపే ఎక్స్‌రే పరీక్ష) 22.5 డిగ్రీల దగ్గరి పెద్ద పీక్ పోయి 12, 20, 22 దగ్గర వచ్చాయి. పాడైందా?

పెరంబూర్_పాలిమర్: పాడవలేదు. కరిగించి మళ్లీ రాబడితే గొలుసుల అమరిక మారి సెల్యులోజ్ 2 రూపమే వస్తుంది, సహజమైన సెల్యులోజ్ 1కి తిరిగి వెళ్లదు. కరిగించక ముందువీ, తర్వాతవీ ఆ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి రిపోర్టులో వేసెయ్. రేపు దూది మొదలుపెట్టు, మెథనాల్ మార్పు మాత్రం తొందరపడకు.