గననాక్వే దాడి: ఒక్క గోదాం కోసం నది దాటి రావాలా?

ఒంటారియో_రాజు:
థౌజండ్ ఐలాండ్స్ దీవులు చూడ్డానికి మనవాళ్లు చాలామంది పడవ ఎక్కేది కెనడాలో ఒంటారియోలోని గననాక్వేలోనే. అమెరికాకూ బ్రిటన్‌కూ మధ్య జరిగిన 1812 యుద్ధంలో ఆ ఊరి మీద ఒక దాడి జరిగింది. 1812 సెప్టెంబరు 21న అమెరికన్ కెప్టెన్ బెంజమిన్ ఫోర్సైత్ ఓ వందమందితో సెయింట్ లారెన్స్ నది దాటొచ్చి, స్థానిక మిలీషియాను (ఊరివాళ్లతో ఏర్పడ్డ సైనిక దళాన్ని) తరిమేసి, తుపాకులూ తూటాలూ పట్టుకుని, గోదాం తగలబెట్టి వెంటనే వెనక్కి వెళ్లిపోయాడు. ఊరిని ఆక్రమించలేదు. ఇంతదానికి ప్రాణాలకు తెగించి ఎందుకొచ్చినట్టు? యుద్ధంలో దీనివల్ల ఏమైనా మారిందా?

పాతపటాలు:
మ్యాప్ తీసి చూడండి రాజు గారూ, సగం జవాబు అందులోనే ఉంది. ఎగువ కెనడాలో, అంటే ఇప్పటి ఒంటారియోలో ఉన్న బ్రిటిష్ సైన్యానికి మందుగుండు, ఫిరంగులు, బట్టలు, ఉప్పు మాంసం అన్నీ మాంట్రియల్ నుంచి ఈ నది మీదే రావాలి, రోడ్లు పేరుకే ఉండేవి కాబట్టి వేరే దారి లేదు. బరువెక్కిన పడవల్ని ఎదురు ప్రవాహంలో లాక్కుంటూ రావాలి, అవతలి ఒడ్డేమో శత్రువుది. కింగ్‌స్టన్ నౌకా స్థావరం చేరేలోపు ఆ పడవలు ఆగే మజిలీల్లో గననాక్వే ఒకటి. దాడి తర్వాత అక్కడ బ్రిటిష్ వాళ్లు బ్లాక్‌హౌస్ (చిన్న కాపలా కోట) కట్టాల్సి వచ్చింది, పడవలకూ కాపలా పెంచారు. ముందే సైనికులు చాలక ఇబ్బంది పడుతున్న సైన్యంలో కొందరిని ఇలా కాపలాకు కట్టిపడేయడమే పెద్ద ఫలితమని నా అభిప్రాయం.

నదిఒడ్డున:
ఫలితం సరే, ఊరివాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి కదండీ. మిలీషియా కల్నల్ జోయెల్ స్టోన్ అమెరికాలోని కనెటికట్ మనిషే, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ రాజు పక్షాన నిలబడ్డందుకు ఇల్లూ వాకిలీ వదిలి ఇక్కడికొచ్చి ఈ ఊరు కట్టుకున్నాడు. దాడిలో ఆయన ఇంటి మీదకు కాల్పులు జరిపితే భార్య తుంటికి తూటా తగిలింది. దీన్ని వట్టి సాహసంగా చెప్పుకోవడం నాకు నచ్చదు.

పైగా అక్కడితో ఆగలేదు. 1813 ఫిబ్రవరిలో నది గడ్డకట్టాక ఫోర్సైత్ రాత్రిపూట మంచు మీద నడిచొచ్చి ఎలిజబెత్‌టౌన్ (ఇప్పటి బ్రాక్‌విల్) జైల్లో ఉన్న అమెరికన్ ఖైదీలను విడిపించి, యాభైమంది దాకా బందీలుగా పట్టుకెళ్లాడు. దానికి జవాబు రెండు వారాల్లోనే వచ్చింది. గవర్నర్ జనరల్ ప్రివోస్ట్ వద్దంటున్నా, నదికి బ్రిటిష్ ఒడ్డున ఉన్న ప్రెస్కాట్‌లోని కల్నల్ జార్జ్ మక్డోనెల్ ఫిబ్రవరి 22 ఉదయం మంచు మీద మామూలు కవాతు చేస్తున్నట్టు సైన్యాన్ని నడిపించి, ఒక్కసారిగా ఫోర్సైత్ దళం ఉన్న అమెరికా ఊరు ఆగ్డెన్స్‌బర్గ్ మీద పడ్డాడు. ఫోర్సైత్ వెనక్కి తగ్గక తప్పలేదు, బ్యారక్‌లు కాలిపోయాయి. ఆ తర్వాత యుద్ధం ముగిసేదాకా ఆగ్డెన్స్‌బర్గ్‌లో అమెరికన్ దళాన్ని మళ్లీ పెట్టలేదు, ఊరి వ్యాపారులు హాయిగా అవతలి ఒడ్డుతో బేరాలు చేసుకున్నారు. నన్నడిగితే ఫోర్సైత్ దాడుల వల్ల ఎక్కువ నష్టపోయింది ఆయన కాపాడాల్సిన ఊరే.

ఒంటారియో_రాజు:
ఇద్దరికీ థ్యాంక్స్ అండీ. ఫోర్సైత్ చివరికి ఏమయ్యాడు?

నదిఒడ్డున:
1814 జూన్‌లో దిగువ కెనడాలోని (ఇప్పటి క్యుబెక్) ఓడెల్‌టౌన్ దగ్గర చనిపోయాడు. అదీ సరిహద్దులో జరిగిన చిన్న పోరాటమే.

ఆటవా_శ్రీను:
ఒక మాట కలుపుతాను. ఆటవాలో మనం చలికాలం స్కేటింగ్ చేసే రిడో కాలువ పుట్టింది ఈ భయంలోంచే. మళ్లీ యుద్ధమొస్తే నది మీద సరుకు ఆగిపోతుందని, సరిహద్దుకు దూరంగా ఆటవా నుంచి కింగ్‌స్టన్ దాకా 202 కిలోమీటర్ల జలమార్గం 1826లో మొదలుపెట్టి 1832కి పూర్తిచేశారు. ఒక్క గననాక్వే వల్లే అని అనలేం గానీ, సరుకు దారి ఎంత బలహీనమో మొదట చూపించిన వాటిల్లో ఈ దాడి ఒకటి. అయితే మళ్లీ ఆ యుద్ధం రానేలేదు, కాలువ సరుకు రవాణాకే ఉపయోగపడింది.