ఇద్దరు అభ్యర్థులూ నచ్చనప్పుడు ఓటు ఎవరికి వేయాలి?

కాజీపేట ఓటరు:
మా నియోజకవర్గంలో ఈసారి పోటీ నువ్వా నేనా అన్నట్టుంది. ప్రస్తుత ఎమ్మెల్యే రెండుసార్లు గెలిచినా పెళ్లిళ్లకు, దశదినకర్మలకు తప్ప ఊళ్లకు రారు, శాసనసభలో ఆయన మాట్లాడగా విన్నవాళ్లు లేరు. ఎదుటి అభ్యర్థి చురుకైన మనిషే గానీ వెంచర్ల వ్యాపారి. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే భూమిలో, మొరం పోయించి ప్లాట్లు చేశారన్న ఆరోపణ ఉంది. ఇద్దరి మీదా నమ్మకం లేక నోటా నొక్కుదామనుకుంటున్నాను. పెద్దలు మీ అభిప్రాయం చెప్పగలరు.

నర్సంపేట రైతు:
నేను నోటానే సమర్థిస్తాను. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన హక్కు అది. వేలమంది నొక్కితేనే పార్టీలు టికెట్ ఇచ్చేముందు ఒకసారి ఆలోచిస్తాయి.

హన్మకొండ, విశ్రాంత లెక్చరర్:
తమ్ముడూ, నోటా మీ హక్కే. అయితే శాసనసభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, దాని తర్వాత నిలిచిన అభ్యర్థే గెలిచినట్టు లెక్క. ఏకపక్షంగా సాగే పోటీలో అది నిరసనగా పనికొస్తుందని ఒప్పుకుంటాను. కానీ 2018లో ధర్మపురిలో గెలుపు తేడా 441 ఓట్లు, ఆసిఫాబాద్‌లో 171 ఓట్లు. ఒక్క బూత్ ముందు వరుసలో నిలబడ్డవాళ్లు తారుమారు చేయగలిగిన ఫలితాలవి.

ఇద్దరిలో ఎవరు మంచివారన్న ప్రశ్నను పక్కన పెడతాను. ఎవరివల్ల జరిగే నష్టాన్ని ఐదేళ్ల తర్వాత సరిచేసుకోగలం, ఎవరివల్ల జరిగేదాన్ని ఎన్నటికీ సరిచేసుకోలేం అన్నదే నా కొలత. ఎమ్మెల్యే బద్ధకిస్తే రోడ్డు ఆగుతుంది, కాలేజీ ఆగుతుంది, సభలో మన గోడు వినిపించదు. ఇవి పేదవాళ్లకే ఎక్కువ తగులుతాయి, అయినా తర్వాత వచ్చినవారు పూనుకుంటే అయ్యే పనులే. చెరువు సంగతి వేరు. శిఖంలో ముందు రాత్రిపూట మొరం లారీలు దిగుతాయి, తర్వాత హద్దురాళ్లు పాతుతారు, రెండుమూడేళ్లలో అప్పు చేసి ప్లాటు కొనుక్కున్నవాళ్ల ఇళ్లు లేస్తాయి. ఆపైన వాళ్లను ఖాళీ చేయించడానికి ఏ ప్రభుత్వానికీ మనసొప్పదు, చెరువు నిండి మత్తడి దూకిన నీళ్లకు మాత్రం పాత దారి మిగలదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మన వరంగల్ కాలనీల్లోకి నీళ్లెందుకు వచ్చాయో నయీంనగర్ నాలా, బొందివాగు పక్కన ఉంటున్నవాళ్లను అడగండి. కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువుల మీద బతికిన ఈ నేలలో ఒక చెరువు పూడితే దాని కింది చెరువుకూ ముప్పే.

అయితే ఆరోపణ ఆరోపణే, దాన్ని పరిశీలించాలి. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో భూముల సర్వే నంబర్లు, కొన్న తేదీ, ధర రాయాలి. దాన్ని ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఆ నంబర్లు పాత పహాణీలో, అంటే ఊరి భూముల రెవెన్యూ రికార్డులో, శిఖంగా నమోదయ్యాయా అన్నది సరిచూడండి. అందులో అభ్యర్థివి, భార్యవి, హిందూ అవిభక్త కుటుంబానివి, తనపై ఆధారపడినవారివి మాత్రమే వస్తాయి గనుక వేరుపడ్డ కొడుకు పేరున ఉన్నవి కనిపించవన్నది గుర్తుంచుకోండి. ఆరోపణ అబద్ధమని తేలితే నేను ఆ వ్యాపారికే వేస్తాను, ఎందుకంటే చురుకుదనం చిన్న గుణం కాదు. నిజమైతే, ఎంత అయిష్టంగానైనా, ప్రస్తుత ఎమ్మెల్యేకే వేస్తాను.

నర్సంపేట రైతు:
సార్, కొలత బాగుంది గానీ దానికి విలువేది? మీరు చెప్పిన ఆసిఫాబాద్‌లోనే 171 ఓట్లతో గెలిచిన ఎమ్మెల్యే 2019లో తాను ఓడించిన పార్టీలోకే వెళ్లారు. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985 నుంచి ఉన్నా, 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది ఒక్కటై విలీనమంటే చెల్లిపోయింది.

హన్మకొండ, విశ్రాంత లెక్చరర్:
ఆ బాధ నాకూ ఉంది. అందుకే నా కొలతను పార్టీ మీద పెట్టకుండా మనిషి మీద పెట్టాను. కండువా మార్చినంత మాత్రాన శిఖం భూమి మీద ఆశ మారదు. ఏ కండువా కప్పుకున్నా పురపాలక సమావేశంలో పదవీరీత్యా కూర్చునేది ఆయనే, ఆక్రమణను అడ్డుకున్న తహసీల్దారు బదిలీకి ఒత్తిడి తేగలిగేదీ ఆయనే.

తమ్ముడూ, రెండు అఫిడవిట్లలోనూ భూముల వివరాలున్న పేజీలు ఇక్కడ పెట్టండి. ఆ చెరువు కింది ఆయకట్టు రైతుల దగ్గర పాత పహాణీ నకళ్లు ఉంటాయి, అడిగి తెస్తాను. పోలింగ్‌కు ముందే నంబరు నంబరూ కలిపి చూద్దాం.