అప్‌డేట్: మైనర్ ఇల్యూజన్ పెట్టె గొడవ తేలింది

నేనడిగింది ఇదీ: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలేసి పాత్రలుగా ఆడే కథల ఆట) 5వ ఎడిషన్‌లో మా విజర్డ్ (మంత్రగాడి పాత్ర) మైనర్ ఇల్యూజన్‌తో (ఉత్తుత్తి బొమ్మని చూపించే చిన్న మంత్రం) 5 అడుగుల చెక్కపెట్టె బొమ్మ పుట్టించి, అందులో దాక్కుని క్రాస్‌బోతో బాణాలు వేయొచ్చా అని. ఆట మొదలుపెట్టే ముందే అందరం మాట్లాడుకున్నాం. మాయని పసిగట్టినవాళ్లకి బొమ్మ పలచబడుతుందని రూల్‌లోనే ఉంది కాబట్టి, మంత్రం వేసినవాడికి బయట కనిపిస్తుందన్నాం. మొదటి బాణానికి అడ్వాంటేజ్ (రెండు పాచికలేసి పెద్ద అంకె తీసుకోవడం) కూడా ఇచ్చాం. కానీ బాణం చెక్కలోంచి దూసుకురావడం కళ్లారా చూసిన శత్రు గోబ్లిన్‌కి ఇన్వెస్టిగేషన్ రోల్ (మాయని కనిపెట్టడానికి వేసే పాచిక) అక్కర్లేదు, గుట్టు రట్టయినట్టే. చూడనివాడు మాత్రం ఒక యాక్షన్ (తన వంతులో చేసే ముఖ్యమైన పని) ఖర్చుపెట్టి వెతకాల్సిందే. నాకైతే ఈ తీర్పు చాలా నచ్చింది: మంత్రానికి విలువ దక్కింది, పోరు మొత్తం దాని చుట్టూనే తిరగలేదు. సైలెంట్ ఇమేజ్ అనే ఇంకో మాయామంత్రానికీ ఇదే వర్తిస్తుందా అన్నది ఇంకా తేల్చుకోవాలి.